కమాను మీది షికస్తా

మా ఊరి సరాయి కమాను యాభై అడుగుల ఎత్తని ఎందరికో చెప్పాను. ఏనుగు, దాని మీద అంబారీ, అంబారీలో గొడుగు పట్టుకున్న మనిషి, అందరూ తల వంచకుండా దాని కింద నుంచి వెళ్లిపోయేవారని కూడా చెప్పాను. అసలు ఎత్తు ఇరవై రెండు అడుగులు. కొలిచింది నేనే. సరాయిలో బట్టలు నేసే మగ్గం మామ పైకెక్కి నూలు దారం కిందికి వదిలితే, నేల తాకిన చోట ముడి వేసి, తర్వాత దాన్ని వాకిట్లో పరిచి గజం కర్రతో కొలిచాను. ఏనుగు సంగతి నాకు తెలియదు. గడ్డిబండి మాత్రం రెండుసార్లు ఇరుక్కుంది.

ఆ కమాను ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు దాన్ని మింగిందనీ, పైవాళ్లకు పట్టింపు లేకపోయిందనీ ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఏనుగు అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. ఈ రెండో అబద్ధం అట్లాంటిది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లయి ఉంటుంది. మాది పెద్దపల్లి దిక్కు పోయే రోడ్డు మీది చిన్న తాలూకా ఊరు. కచేరీలో ఉర్దూ దస్తాలు అటక ఎక్కుతూ, తెలుగు కాగితాలు బల్లల మీదికి వస్తున్న కాలం. నేను అక్కడ తాత్కాలిక గుమాస్తాను. పాత ఉర్దూ రిజిస్టర్లను తెలుగులోకి దించడం నా పని. ఏడో తరగతి దాకా ఉర్దూలోనే చదివాను కాబట్టి అది వచ్చు. ఉద్యోగం అర్జీలో మాత్రం ‘ఉర్దూ, పార్సీ క్షుణ్ణంగా వచ్చు’ అని రాశాను. పార్సీలో నాకు వచ్చింది ఒక పలకరింపు, రెండు తిట్లు.

రోడ్డు వెడల్పు చేసే ముందు ఊళ్లోని పాత కట్టడాలను చూసి, ఏవి ఉంచాలో, ఏవి బాగు చేయాలో, ఏవి తీసెయ్యాలో పట్టిక పంపమని పైనుంచి కాగితం వచ్చింది. రిటైరైన పెద్ద పంతులునూ, మరో ఇద్దరు పెద్దమనుషులనూ కమిటీగా వేశారు. రాసేవాణ్ణి నేను. పంతులు గొడుగు మొనతో ప్రతి గోడనూ తట్టి, చెవి ఆనించి, డాక్టరు రోగిని చూసినట్టు చూసేవాడు. బురుజును చూశాము, మెట్లబావిని చూశాము, చివరికి సరాయికి వచ్చాము.

ఒకప్పుడు బాటసారులు దిగిన సరాయి అది. మా కాలానికి దాని అర్రల్లో అయిదు సాలె కుటుంబాలు గుంట మగ్గాలు వేసుకుని బతికేవి. అందులో పెద్దాయన మగ్గం మామ. వరసకు మామ కాడు, పిలుపుకు మామ. ముందు కమాను, దాని నడినెత్తిన నల్లరాయి, రాయి మీద ఉబ్బెత్తు అక్షరాలు. కాకరతీగె పాకినట్టు ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉండేవి. ఊళ్లో ఉర్దూ వచ్చినవాళ్లకు కూడా అవి చదవడానికి వచ్చేవి కావు.

పంతులు కమానును నాలుగు దిక్కులా తట్టి, “గిది మన మనుమల మనుమలను గూడ జూస్తది. రాస్కో, ఉంచదగినదని” అన్నాడు. రాశాను.

పట్టికలో ఇంకో గడి ఉంది. పాత రిజిస్టర్లో కట్టడం గురించి ఏముందో తెలుగులో ఎక్కించాలి. రిజిస్టర్లో ఉన్నది నాలుగు మాటలు: ‘కమాన్, చూనా, కతబా షికస్తా’. చూనా అంటే సున్నం. కతబా అంటే రాతి మీది రాత. షికస్తా అంటే విరిగింది, పాడుబడింది. కచేరీ కాగితాల్లో రోజుకు పదిసార్లు చూసే మాటే. ‘సున్నపు కమాను, శాసనంతో సహా శిథిలం’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. పంతులుకు ఉర్దూ రాదు. నా చేతిరాత బాగుందని మెచ్చుకుని సంతకం పెట్టాడు.

పట్టిక తిరిగి వచ్చినప్పుడు సరాయి పేరు పక్కన ఎర్రసిరా గీత ఉంది. కమిటీ ఉంచమన్నా, రిజిస్టరే శిథిలమంటున్నదని పైవాళ్లు దాన్ని మూడో వరసలోకి తోశారు. వచ్చే సోమవారం కూలీలు వస్తారు. కమాను, వెనక అర్రలు, అన్నీ పోతాయి.

మగ్గం మామ మగ్గం గుంటలోంచి లేవకుండానే విన్నాడు. “శిథిలమంటె?”

“పాడుబడ్డదని, మామా.”

“ఎవడన్నడు? నేను గీ గోడకు మేకు గొడితె మేకే వంగుతది. నీకు జదువచ్చు గద అల్లుడా, జర జూడు. ఏడనో తప్పు పడ్డది.”

ఆయన భార్య నూలు కండె చుడుతూ తల ఎత్తకుండా అంది: “అయిదు ఇండ్లోళ్లం మగ్గాలు నెత్తిన వెట్టుకోని ఏడికి పోవాలె?”

అనుమానం తీర్చుకుందామని మున్షీ సాబ్ ఇంటికి పోయాను. నిజాం కాలంలో కచేరీ అంతా ఆయన కలం మీద నడిచింది. ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు. మనిషి నీడలా కనిపిస్తాడు, అక్షరం అసలు కనిపించదు. రిజిస్టర్లోని మాటలు చెప్పాను. ముందు నవ్వాడు. నేను తెలుగులో ఏం రాశానో చెప్పేసరికి నవ్వు ఆపాడు.

“షికస్తా అంటె ఇరిగిందనా రాసినవ్? అరె మియా! గది రాత పేరు. ఖత్-ఎ-షికస్తా. మున్షీలు పరుగుమీద రాసే రాత. అక్షరాలు ఇరుగుతయి గని గోడ ఇరుగుతదా? పార్సీ వచ్చన్నవట గద?”

“జర జర వస్తది, సాబ్.”

“గా జర జరతోనే కమాను మీదికి తెచ్చినవ్.”

తర్వాత నెమ్మదించాడు. రాతి మీద ఉన్నది ఆ రాతేననీ, చదవడానికి వీలుగా నిక్షేపంగా ఉన్నదనీ నిరూపిస్తే శిథిలమన్న మాట నిలవదన్నాడు. కానీ చదివేదెవరు? చదవగలిగిన మనిషికి కళ్లు లేవు, నిచ్చెన ఎక్కే కాళ్లు లేవు. కళ్లూ కాళ్లూ ఉన్న నాకు చదువు లేదు. సోమవారానికి నాలుగు రోజులుంది.

దారి చూపింది మగ్గం మామ భార్య. “గంజి వెట్టిన బట్ట ఎండితె చెక్కలెక్క గాదా? గా రాతికి అద్దుండ్రి. ముసలాయన ఏళ్లతోని తడిమి జూసుకుంటడు.”

మరునాడు పొద్దున్నే చిక్కటి గంజిలో ముతక బట్ట నానబెట్టారు. మామ నిచ్చెన ఎక్కి, పడుగుకు గంజి పెట్టే కుంచెతో బట్టను అక్షరాల సందుసందులోకి కొట్టాడు. మధ్యాహ్నం ఎండకు అది పెళపెళలాడింది. ఊడదీస్తే అక్షరాలన్నీ బట్ట మీద లేచి ఉన్నాయి. అప్పడం మోసినట్టు ఇద్దరం మోసుకుపోయి మున్షీ సాబ్ ఒళ్లో పెట్టాము.

ఆయన వేళ్లు కాసేపు తడిమాయి. మొహం చిట్లించాడు. “గిదేం భాష? సైతాన్ రాసిండా?”

మామ వంగి చూసి, “అల్లుడా, ఎనుక దిక్కు వెట్టినవ్!” అన్నాడు. రాతికి ఆనిన వైపు పైకి పెట్టాను. తిప్పాము. వేళ్లు మళ్లీ కదిలాయి, ఈసారి కుడి నుంచి ఎడమకు సాఫీగా. ఆయన పెదవులు కదిలాయి. పార్సీలో మెల్లగా, పాడుతున్నట్టు చదివాడు. తర్వాత తెలుగులో అర్థం చెప్పాడు. మామ ఏడ్చాడు. నేను రాసుకోలేదు. తహసీల్దారు దగ్గరికి పోయే తొందరలో ఉన్నాను, బట్ట ఉంది కదా, రేపు రాసుకోవచ్చనుకున్నాను.

నా జీవితంలో నేను మళ్లీ మళ్లీ తిరిగిపోయే రోజు ఆ మర్నాడే. మున్షీ సాబ్‌నూ మగ్గం మామనూ కచేరీ వరండాలో కూర్చోబెట్టి నేను లోపలికి పోయాను. తహసీల్దారు కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, మంచివాడు. అంతా విన్నాడు.

“చూడండి, తర్జుమా చేసినవారు తప్పు రాశారంటే ఇప్పుడే దిద్ది సంతకం పెడతాను, సోమవారం పని ఆపిస్తాను. ఆ అధికారం నాకుంది. మూల రిజిస్టరులోనే గందరగోళం ఉందంటే మాత్రం దాన్ని కరీంనగర్ పంపాలి. వాళ్లు తేల్చేదాకా సోమవారం పని ఆపే వీలు నాకు లేదు. ఏది నిజమో రాసివ్వండి. ఇంతకీ తర్జుమా చేసిందెవరండీ?”

పట్టిక మీద నా పేరు లేదు. నా కొలువు ఇంకా ఖాయం కాలేదు. పార్సీ క్షుణ్ణంగా వచ్చునన్న నా అర్జీ ఆయన బీరువాలోనే ఉంది. కలం తీసుకుని, ‘మూల రిజిస్టరులో అస్పష్టత కలదు’ అని రాశాను. నా గుండ్రటి అక్షరాలతోనే.

వరండాలోకి వచ్చాను. మున్షీ సాబ్ నా అడుగుల చప్పుడుకు తల తిప్పాడు. మామ లేచి నిలబడ్డాడు.

“అయిందా, అల్లుడా?”

“అయింది మామా. ఫికర్ జేయకు.”

సోమవారం కూలీలు వచ్చారు. ఆ రోజు వందమందిని వెంటేసుకుని కమాను కింద అడ్డం పడుకున్నానని మీలో కొందరికి చెప్పి ఉంటాను. పడుకోలేదు. కచేరీలో కూర్చుని ఒకటే కాగితాన్ని మూడుసార్లు నకలు తీశాను. కమాను కింద నిలబడింది పెద్ద పంతులు, గొడుగు వేసుకుని. ఆయన్ను రెక్క పట్టుకుని మర్యాదగా పక్కకు జరిపారట. కచేరీకి వినిపించేది గడ్డపార చప్పుడు. సున్నం మీద పడి ఎగిరి వెనక్కి వచ్చేదట. శిథిలమని నేను రాసిన కమానును కూల్చడానికి మూడు రోజులు పట్టింది. నల్లరాయిని పగలగొట్టి రోడ్డుకు కంకర చేశారు.

రిజిస్టరు తర్వాత తిరిగి వచ్చింది. ‘రిజిస్టరులో అస్పష్టత లేదు. షికస్తా అనగా లిపి పేరు’ అని పక్కన రాసి ఉంది. దాన్ని దస్తాలో కట్టి అటక ఎక్కించింది కూడా నేనే.

అర్రలు పడగొట్టే ముందు రోజు మామ వాళ్లు సోలాపూర్ పోవడానికి సామాను కడుతుంటే పోయాను. మొహం చాటెయ్యలేదు, చూపించాలనే పోయాను. తప్పు నాదని చెప్పాలనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఇది: “మామా, గా గంజిబట్ట ఏది?”

ఆయన భార్య బండి మీది మూటను చూపించింది. మగ్గం నాడెలూ కర్రలూ తెల్లటి ముతక బట్టలో కట్టి ఉన్నాయి. “గదే. గా దినమే ఉతికిన.”

“ఉతికినవా అత్తా?”

“నువ్వే గద అయిందన్నవ్. అయినంక గంజిబట్ట ఎందుకని నానవెట్టిన. బట్ట బట్టే గద, అల్లుడా.”

మామ మూట ముడి ఇంకోసారి బిగించాడు. బండి పోయింది. మున్షీ సాబ్ ఆ ఎండాకాలం దాటలేదు. ఆయన్ను మళ్లీ చదవమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అడుగుదామని గట్టిగా అనుకునేసరికి ఆయన లేడు.

రాతి మీద ఏముందని జనం అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. మొదట ఉన్నదే చెప్పాను. తర్వాత బాగుంటుందని ఒక నవాబును చేర్చాను. ఆ తర్వాత అతని బేగం జబ్బు, ఆమె మొక్కు. ఒక పెళ్లిలో ఎవరో ఇంకా ఉందా అంటే, కమానును ముట్టినవాడికి తగిలే శాపం కూడా చేర్చాను. ఇప్పుడు వాటన్నిటినీ ఒక్కొక్కటిగా తీసేసి చూస్తే అడుగున ఏమీ మిగలడం లేదు. మున్షీ సాబ్ వేళ్లు కదలడం కనిపిస్తుంది. గొంతు వినిపిస్తుంది. మాటలు రావు.

ఒక్క మాట మాత్రం నిజంగా ఆయన నోట విన్నదే. ‘సాయా’ అన్నాడు. అంటే నీడ. లేకపోతే ‘సరాయ్’ అన్నాడో.