తడవని చొక్కా

నా చిన్నప్పుడు మేము రియాద్‌లో, మలాజ్‌లోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. నాన్న ఏసీలు బాగుచేసేవారు. ఎండాకాలమంతా మిద్దెల మీదే పని. సాయంత్రం ఇంటికొచ్చాక చొక్కా పిండితే నీళ్ళు కారేవి. నేను ముక్కు మూసుకునేదాన్ని.

పక్కింటి అత్త ఆస్పత్రిలో నర్సు. ఒకరోజు మెట్ల మీద పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంటే నేను ఛీ అన్నాను. అత్త నవ్వి, నా మణికట్టు మీద దూదితో స్పిరిట్ రాసి ఊదింది. జివ్వుమని చల్లబడింది.

"మనకి చెమటెంతో పిల్లికి ఉమ్మూ అంతేనే. తడి ఆరతా ఒంట్లో వేడిని పట్టుకుపోద్ది. మీ నాన్న చొక్కా కంపని మూతి ముడుస్తావు గానీ, ఆ చెమటే ఆయన్ని కాపాడతంది. ఎండలో అది ఆగిపోయిందంటే మనిషి లోపల ఉడికిపోతాడు."

నేను మాత్రం నా చేతిని మళ్ళీ మళ్ళీ ఊదుకుంటూ ఉండిపోయాను.

ఆ వారంలోనే ఒకరోజు నాన్న తొందరగా వచ్చారు. మొహం ఎర్రగా ఉంది, చొక్కా పొడిగా ఉంది. "నాన్నా, ఇవాళ నువ్వు కంపు కొట్టట్లేదు!" అని సంబరంగా మెడ పట్టుకుని వేళ్ళాడాను. మెడ కాలిపోతోంది. నాన్న నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచి, మేకల్ని కట్టేశావా అని అడిగారు. ఆట అనుకుని కట్టేశానన్నాను. ఎన్ని అంటే లెక్క కూడా చెప్పాను. అలా ఆడుతుండగానే ఆయన ఒరిగిపోయారు.

అమ్మ కేకకు అత్త పరిగెత్తుకొచ్చింది. "ఆస్పత్రికి పదొదినా!"

అమ్మ కదల్లేదు. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోలేదని నితాకత్ చట్టం కింద నాన్న కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. దాంతో ఆ దేశంలో ఉండనిచ్చే ఆయన ఇకామా కార్డు రెన్యువల్ కాలేదు.

"కాగితం అడిగితే ఏం చూపించను? అట్నుంచటే పంపేస్తే?"

"మనిషుంటే గదా పంపడానికి!" అత్త తడి దుప్పటి కప్పి, ఫ్యాను తిప్పి, తనే టాక్సీ పిలిచింది.

నాన్న బతికారు. మాట మాత్రం ముద్దగానే మిగిలిపోయింది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. తర్వాత ఎగ్జిట్ వీసా మీద అందరం ఇండియాకి వచ్చేశాం. అమ్మ ఇప్పటికీ ఆ కంపెనీని తిడుతుంది. నేనూ గొంతు కలుపుతాను. మేకల లెక్క సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఏడాది బాబు. కరెంటు పోయినప్పుడల్లా వాడి మెడ కింద చెయ్యి పెడతాను. తడి తగిలేదాకా నాకు ఊపిరాడదు. "చెమట పట్టింది, తుడవ్వే" అంటారు మా ఆయన.

నేను వెంటనే తుడవను.