నంజుండప్ప, నా ఏడో నంబరు కోలు

మొన్న ఆదివారం ఒక మాల్‌లో, ఆటల సామాన్ల దుకాణంలో బూట్లు చూస్తుంటే ఎక్కడి నుంచో టర్పెంటైన్ వాసన వచ్చింది. దానిలో కొత్త రబ్బరు వాసన కలిసి ఉంది. లోపలి గదిలో ఎవరో గోల్ఫ్ కర్రకు పిడి మారుస్తున్నారని చూడకుండానే తెలిసిపోయింది. బూట్లు అక్కడే వదిలేసి బయటికి వచ్చి, మెట్ల పక్కన కాసేపు నిలబడ్డాను. ఎనిమిదేళ్ళ కిందట ఈ వాసనను నేను మొదటిసారి పీల్చింది బెంగళూరు నగర్తపేటలో, గుండీల టోకు దుకాణం పైనున్న చిన్న గదిలో. ఆ గది నంజుండప్పగారిది. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఆయనది ఆనేకల్‌లో నేత కుటుంబం. కుర్రతనంలో మగ్గాల మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలు బాగుచేసేవారట. మగ్గాలు తగ్గిపోయాక నగరానికి వచ్చి, హాకీ కర్రలు, క్యారం బోర్డులు, బ్యాడ్మింటన్ బ్యాట్లు బాగుచేయడం మొదలుపెట్టారు. చివరికి గోల్ఫ్ కర్రల దగ్గర స్థిరపడ్డారు. కర్రను ఆయన కన్నడ మాటతో కోలు అనేవారు. జీవితంలో ఒక్కసారి కూడా గోల్ఫ్ మైదానంలో కాలు పెట్టలేదు. అయినా ఊళ్ళో సరదాకి ఆడే పెద్దమనుషుల లోపాలన్నీ ఆయనకు తెలుసు. పిడి ఎక్కడ అరిగింది, ఇనుప మొహం మీద బంతి మచ్చ ఎక్కడ పడింది అని చూసి, మనిషిని చదివేసేవారు. ఎవరి కర్ర అని మాత్రం ఎప్పుడూ చెప్పేవారు కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. మాది హిందూపురం. అప్పటికి ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ మేనేజర్‌ని. ఎక్కడ ఏం చెడినా తప్పు ఎవరిదో తేల్చి, రిపోర్టు రాసి, సంతకం పెట్టడం నా పని. ఆ పనిలో నాకు గట్టి పేరుంది, పేరుకు తగ్గ పొగరూ ఉంది. గోల్ఫ్ ఎందుకు మొదలుపెట్టానంటే, మా కంపెనీలో ముఖ్యమైన నిర్ణయాలు మీటింగుల్లో కాక ఆ పచ్చిక మీద జరుగుతున్నాయని కాస్త ఆలస్యంగా అర్థమైంది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో నేర్చుకున్న ఆట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మొదటిసారి సంచి మొత్తం మోసుకుని నంజుండప్పగారి మెట్లెక్కాను. ఆయన అన్నిటికంటే పెద్ద కర్రనూ, చివర్లో బంతిని గుంతలోకి నెట్టే పుట్టర్‌నూ పక్కపక్కన పెట్టి కళ్ళజోడు పైకి జరుపుకున్నారు.

"ఈ పెద్ద కోలు పిడి చూడండమ్మా. ఎడమ బొటనవేలు కాడ గుంత పడిండాది. ఇంత గట్టిగా పట్టుకునేది ఏమిటికి? అదేమన్నా పారిపోతాదా?"

నేను నవ్వలేదు. ఆయన పుట్టర్ ఎత్తారు. "ఇది అంగడిలో నుంచి ఇప్పుడే తెచ్చినట్ల ఉండాది. అందరూ ఇంతేలెండి. దూరం కొట్టేది నలుగురూ చూస్తారు. దగ్గర కొట్టేది ఎవరు చూస్తారు? అందుకని దాన్ని ఎవరూ నేర్చుకోరు."

"మీరు ఆడతారా?" అన్నాను. నా గొంతులో వెటకారం నాకే వినిపించింది.

"లేదమ్మా. నేత మానేసి కూడా నలభై ఏండ్లాయ. అయినా చీర చూస్తే నేసినోడు యాడ తొందరపడినాడో చెప్తా."

ఒళ్ళు మండింది. అయినా పది రోజులు తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను, ఎందుకంటే ఆయన చెప్పినట్టు పిడి వదులుగా పట్టుకుంటే బంతి తిన్నగా పోయింది. ఆ తరువాత నెలకోసారి, ఏదో ఒక వంకతో, ట్రాఫిక్‌లో రెండు గంటలు నలిగి మరీ వెళ్ళేదాన్ని. ఒకసారి ఎవరిదో వంగిపోయిన కర్ర చూపించారు. "ఇది బంతి కొట్టిన మచ్చ కాదు. చెట్టును కొట్టినాడు. బంతి ఈయప్ప మాట వినలా, చెట్టు ఏం చేసింది పాపం?" ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ మనిషెవరో గాని, నాకంటే హీనుడని లోపల్లోపల సంతోషించాను కూడా.

రెండేళ్ళ తరువాత ఊళ్ళోని ఒక గోల్ఫ్ క్లబ్బులో కంపెనీల మధ్య పోటీ వచ్చింది. మా జట్టులో నేనూ, మా డైరెక్టర్ ప్రకాశ్‌గారూ ఉన్నాం. ఆయన ఆ క్లబ్బు కమిటీలో సభ్యులు కూడా. బుధవారం పొద్దున ఆట. నా సంచి మోసింది మునిరాజు, ఆ క్లబ్బులో ఆటగాళ్ళ సంచులు మోసి కర్రలు అందించే కేడీ. యాభై ఏళ్ళుంటాయి, పాత బెంగళూరు మనిషి, మాట తక్కువ. చివరి గుంత దాకా ఎదుటి జట్టూ మేమూ సమంగా ఉన్నాం. ఆ గుంతకు ముందు చిన్న చెరువు ఉంది. బంతి దాన్ని దాటి పడితే గెలుస్తాం. కర్ర నంబరు తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది. మునిరాజు ఆరో నంబరు తీసి నా ముందు పెట్టాడు.

"ఆరు తీసుకోండి మేడం. గాలి ఎదురుగా ఉండాది."

"ఏడు ఇవ్వు," అన్నాను.

"మేడం, నీళ్ళు..."

"జనవరిలో ఏడుతోనే దాటించాను. ఇవ్వు."

ప్రకాశ్‌గారు వెనక నిలబడి చూస్తున్నారు. ఆయన చూస్తుండగా ఆరో నంబరు అందుకోవడం నాకు చిన్నతనంగా అనిపించింది. కొట్టాను. బంతి పైకి లేవనే లేదు, నేలబారుగా దూసుకుపోయి నీళ్ళ మధ్యలో మునిగింది. ఎదుటి జట్టువాళ్ళు మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు. ప్రకాశ్‌గారు నా దగ్గరికి వచ్చి, "అసలు ఆ కర్ర తీసుకోమన్నది ఎవరు?" అని అడిగారు. మునిరాజు అప్పటికి సంచి ఎత్తుకుని ముందుకు నడుస్తున్నాడు.

"మునిరాజు ఏడు చాలన్నాడు సార్," అన్నాను.

ఆలోచించి చెప్పిన మాట కాదది. నోట్లోంచి దానంతటదే వచ్చింది, అదే నాకు ఇప్పటికీ భయం. ఆ మాట అక్కడితో పోతుందనుకున్నాను. పోలేదు. మునిరాజు మీద అంతకుముందే ఎవరిదో ఒక ఫిర్యాదు ఉందట. ప్రకాశ్‌గారు ఆ సాయంత్రమే కమిటీకి చెప్పారు. మరుసటి వారం శనివారం విచారణ అనీ, అందాకా మునిరాజు పనిలోకి రాకూడదనీ, రెండో ఫిర్యాదు నిజమని తేలితే క్లబ్బులో పనిచేయడానికి ఇచ్చే అతని టోకెన్ శాశ్వతంగా తీసేస్తారనీ నాకు గురువారం ఈమెయిల్ వచ్చింది. నన్ను కూడా వచ్చి చెప్పమన్నారు. నిజం చెబితే డైరెక్టర్ ముందు అబద్ధాలకోరునవుతాను. చెప్పకపోతే ఆ మనిషి బతుకుతెరువు పోతుంది. రోజుకు పదిసార్లు జవాబు టైపు చేసి చెరిపేశాను. ఇంట్లో పిల్లల మీద అరిచాను.

విచారణకు రెండు రోజుల ముందు నాకు గొప్ప ఉపాయం తట్టింది. తప్పు నాదీ కాదు, మునిరాజుదీ కాదు, కర్రది! లోపల ఎక్కడో బీట ఉండి ఉంటుంది. తెలిసిన పనివాడు ఒక చీటీ రాసిస్తే అందరం బయటపడతాం. మధ్యాహ్నం సెలవు పెట్టి, ఏడో నంబరు కర్రను ఒక్కదాన్నే పట్టుకుని నగర్తపేటకు పరుగెత్తాను. జరిగింది జరిగినట్టు చెప్పలేదు. "దీంతో బంతి లేవలేదయ్యా, లోపల ఏదో పగిలినట్టుంది," అన్నాను.

నంజుండప్పగారు కర్రను చెక్కబల్ల మీద తట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. రెండు చేతులతో వంచి చూశారు. తరువాత ఇనుప మొహాన్ని కిటికీ వెలుతురుకు తిప్పారు. ఆ రోజు నుంచి నేను దాన్ని తుడవలేదు.

"దీనికి ఏ రోగమూ లేదమ్మా. మచ్చ చూడండి, అడుగంచుకు పడిండాది. బంతి యాడికి పోతాదో చూడాలని కొట్టకముందే తల ఎత్తినారు."

"అయ్యా, బీట ఉందని ఒక్క మాట రాసివ్వండి. దయచేసి." ఇక దాచలేక అంతా చెప్పేశాను.

ఆయన కర్రను బల్ల మీద పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నారు. కింద గుండీల దుకాణంలో ఎవరో కన్నడలో బేరమాడుతున్నారు. చివరికి, "ఏడుతో ఆ నీళ్ళు ఎన్నిసార్లు దాటించినారు?" అని అడిగారు.

"ఒకసారి."

"ఎన్నిసార్లు కొడితే?"

"పదిహేనో, ఇరవయ్యో."

"అందరూ ఇంతే. ఎప్పుడో ఒక్కసారి బాగా తగిలిన దెబ్బను పట్టుకొని, అదే నా దెబ్బ అనుకుంటారు. తక్కినవన్నీ తప్పిపోయినవంట. ఆ తప్పిపోయినవే మీ దెబ్బలమ్మా. కోలు అబద్ధం చెప్పదు. నేనూ రాయను." ఆయన కర్రను నా చేతిలో పెట్టారు. "బేజారు చేసుకోవద్దండి. ఇంగా రెండు దినాలు ఉండాది."

తిరుగుదారిలో ఆటోలో కూర్చుని ఆయన మీద మండిపడ్డాను. ముసలాయన నాకు నీతులు చెబుతాడా అనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు కోపం దిగిపోయి, సిగ్గు మొదలైంది. నేను నిజాయితీపరురాలినని నాకు గొప్ప నమ్మకం. ఎందుకు? ఇంజనీరుగా ఉన్నప్పుడు ఒకసారి నా తప్పు నేనే పైవాళ్ళకు చెప్పి చివాట్లు తిన్నాను. పదిహేనేళ్ళుగా ఆ ఒక్కరోజునే నా కొలతగా చెప్పుకుంటున్నాను. దాని తరువాత తప్పించుకున్నవి ఎన్నో నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. తల తీసేసినట్టయింది.

శనివారం పది గంటలకు కమిటీ గదిలో బల్లకు అటు ముగ్గురు కూర్చున్నారు, వాళ్ళలో ప్రకాశ్‌గారు ఒకరు. మునిరాజు ఇస్త్రీ చేసిన యూనిఫారంలో తలుపు పక్కన నిలబడ్డాడు. ముందు అతన్నే అడిగారు, ఏడో నంబరు నువ్వే చెప్పావా అని. అతను నన్ను కాక నేలను చూశాడు.

"మేడం ఏం చెప్తే అదే సార్," అన్నాడు.

అతను ఎదురు తిరిగితే నాకు సులువుగా ఉండేదేమో. గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఊరుకుంటే చాలు కదా అనిపించింది. తరువాత నా గొంతు నాకు దూరంగా వినిపించింది.

"అతను ఆరు తీసుకోమన్నాడు. రెండుసార్లు చెప్పబోయాడు. నేనే వినలేదు. సార్‌కు నేను చెప్పింది అబద్ధం."

ప్రకాశ్‌గారు పెన్ను మూత పెట్టుకుని, "ఈ మాట ఆ రోజే చెప్పవలసింది," అన్నారు. అంతే. ఆయన మళ్ళీ నన్ను ఆటకు పిలవలేదు. ఆ ఏడాది నాకు రావలసిన పదవి ఇంకొకరికి వెళ్ళింది. ఇదే కారణమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. మునిరాజుకు టోకెన్ అప్పుడే తిరిగి ఇచ్చారు.

సోమవారం నంజుండప్పగారి దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకుంటారని వెళ్ళాను, దాచడమెందుకు? జరిగిందంతా చెప్పాను. ఆయన ఏదో కర్రకు టేపు చుడుతూ విన్నారు.

"మంచిదమ్మా," అన్నారు. చుట్టడం ఆపలేదు. "ఆయప్ప ఎన్ని దినాలు పనిలేకుండా ఉన్నాడు?"

"తొమ్మిది."

"ఆ తొమ్మిది దినాలు యాడ ఉన్నాడంట?"

"తెలియదు."

"అడగలేదా?"

ఆయన టేపు కత్తిరించి, తల ఎత్తి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. "అడగండి," అన్నారు.

రెండు రోజులకు క్లబ్బు వెనక గేటు దగ్గర మునిరాజును పట్టుకున్నాను. క్షమించమన్నాను. పర్వాలేదు మేడం, అన్నాడు. అప్పుడు అడిగాను, ఆ తొమ్మిది రోజులు ఎక్కడున్నావని. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాడు.

"ఇంట్లో చెప్పలేదు మేడం. తప్పు చేసి పని పోగొట్టుకున్నాడనుకుంటారని. రోజూ ఐదున్నరకే యూనిఫారం వేసుకొని బయలుదేరతా ఉంటిని. మెజెస్టిక్ బస్టాండులో బెంచీ మీద కూర్చొనేది. ఇంటామె కట్టిచ్చిన డబ్బా ఆడే తినేది. సాయంత్రం ఇంటికి పోయేది. మూడో దినం ఒక కండక్టరు వచ్చి, 'ఏ బస్సుకు పోవాలప్పా, రోజూ కనిపిస్తాండావే,' అని అడిగినాడు. ఏం చెప్పేది మేడం? అప్పటి నుంచి దినానికొక ప్లాట్‌ఫారం మారుస్తా ఉంటిని."

చెప్పి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. ఆ తరువాత అతను నా సంచి ఎప్పుడూ ఎత్తలేదు. కనిపిస్తే నమస్కారం పెడతాడు, అంతే.

ఆ తొమ్మిది పొద్దుల్లో నేను ఎక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. ఆఫీసులో ఎనిమిదో అంతస్తులో, కాఫీ పట్టుకుని, నిజం చెప్పాలా వద్దా అని మథనపడుతూ ఉన్నాను. అలా బాధపడటమే నా మంచితనానికి సాక్ష్యమని కూడా అనుకున్నాను. నేను ఆలోచించుకున్న ప్రతి పూటా ఒక మనిషి యూనిఫారం వేసుకుని, ఎక్కని బస్సుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నంజుండప్పగారు ఆ ప్రశ్న వేయకపోతే, ఒప్పుకున్నానన్న తృప్తితో నేను హాయిగా బతికేసేదాన్ని. ఆయన నాకు ఆ తృప్తి దక్కనివ్వలేదు. ఇప్పుడు తప్పులు చేయనని కాదు, చేస్తూనే ఉన్నాను. ఒప్పుకోవడానికి మాత్రం మరుసటి పొద్దు దాకా ఆగను.