వడిసెల రాయి ఎటు పోయింది?

మా చిన్నప్పుడు... జొన్న కంకి పాలు పోసుకుందంటే చాలు, బడి వదలగానే నేనూ అక్కా వడిసెలలు పట్టుకుని చేను కావలికి పోవాల్సిందే. తాడు మధ్యలో రాయి పెట్టి, తల మీద గిరగిరా తిప్పి, ఒక కొస వదిలితే పిట్టల గుంపు లేచిపోయేది. ఎప్పుడు వదలాలో చేతికే తెలిసేది.

పదో తరగతిలో ఒక రోజు సైన్సు సార్ బోర్డు మీద గుండ్రంగా తిరిగే రాయి బొమ్మ వేశారు. లోపలికి ఒక బాణం, బయటికి ఒక బాణం. "రెండు బలాలూ సమానం, రాసుకోండి" అన్నారు.

నేను లేచాను. "సమానమైతే రాయి నేరుగా పోవల్ల కదా సార్... యాల తిరుగుతాది?"

"ఏమ్మే, నాకే పాఠం చెప్తావా? పట్టు చెయ్యి!"

బెత్తం విరిగేదాకా కొట్టారు. వేళ్ల కణుపులు చిట్లి నెత్తురొచ్చింది. క్లాసంతా నవ్వింది...

సాయంత్రం ఆ వాచిన చేత్తోనే వడిసెల తిప్పాను. ఆయన గీసిన బయటి బాణం నిజమైతే రాయి బయటికే పోవాలి కదా... చూద్దాం! తాడు సరిగ్గా పిట్టల వైపు తిరిగినప్పుడే కొస వదిలేశాను. రోజూ అయితే అంతకు పావు చుట్టు ముందే వదిలేదాన్ని.

రాయి ముందుకు పోలేదు. ఎడమకు దూసుకుపోయింది. అటు అక్క నిలబడి ఉంది.

"అమ్మా!" అంటూ కూలబడింది. ముఖమంతా నెత్తురు... అందులో కన్ను ఎక్కడుందో కనబడలేదు.

నాయన పరుగెత్తుకొచ్చి వడిసెల లాక్కుని దాంతోనే నన్ను బాదాడు. "దాని కన్ను పోయిందంటే నీ చెయ్యి నరుకుతా!"

అక్క ఓణీ ముఖానికి అదుముకుని అరిచింది. "దాన్ని కొట్టాకు నాయనా... నేనే అడ్డమొచ్చినా!"

రాలేదు. అక్క ఉన్నచోటు నుంచి కదలనే లేదు.

కన్నయితే నిలిచింది. చూపు మాత్రం సగమే మిగిలింది.

రాయిని తిప్పేది లోపలికి లాగే బలమొక్కటేనని, నా ప్రశ్న సరైనదేనని డిగ్రీలో తెలిసింది. సంతోషమేమీ కలగలేదు. ఏళ్ల తరబడి ఆ బాణాన్నే తిట్టుకున్నాను. ఇప్పుడు అనుమానం... నేను నిజంగా బాణాన్నే పరీక్షించానా? లేక పక్కన ఎవరున్నారో చూడనంత కోపంలో ఉన్నానా?

మొన్న మా అమ్మాయి ఇదే పాఠంలో మూడుసార్లు ప్రశ్న అడిగిందట. వాళ్ల సార్ మూడుసార్లూ బొమ్మ చెరిపి మళ్లీ గీశారట. వింటుంటే ఎంత హాయిగా అనిపించిందో...

ప్రశ్న అడిగి దెబ్బలు తిన్నవాళ్లు మీలోనూ ఉంటారు. చెప్పండి... ఆ దెబ్బలు ఇంటికి తెచ్చి మీరెవరిని కొట్టారు?