చెవి అందిన పిల్ల

మునెమ్మ మంత్రగత్తె అనీ, కూలీలతో పని చేయించే సర్దారు రంగస్వామి కుడిచెయ్యి పైకి లేవకుండా కట్టేసిందనీ సముద్రాల అవతల సబేటో లోయ కూలీ లైన్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక మొద్దు పిల్లను పనికి పంపకుండా ఉంచుకోవడానికి అంత పని చేసిందట. రోజూ సాయంత్రం ఆయన గుమ్మం ముందు నిలబడి, చెయ్యి తిప్పుతూ ఏదో జపించేదట.

ఆమె జపించడం నేను చూడలేదు. చెయ్యి తిప్పడం మాత్రం చూశాను. అప్పుడు నేనూ ఆ పిల్లల కొట్టంలోనే ఉండేదాన్ని.

పెద్దవాళ్లు ఒప్పందం రాసిచ్చిన గిర్మిట్ పనికి చెరకు తోటలోకి వెళ్లిపోతే పిల్లల్ని చూసుకునేది మునెమ్మ. చిత్తూరు వైపు మనిషి. గొంతు పెద్దది. ఏడ్చే పిల్లను ఎత్తుకునే ముందు ఒకసారి తిట్టి గానీ ఎత్తుకునేది కాదు.

కొట్టంలో ఎవరుండాలో, గుర్రాలకు గడ్డి కోయడానికి ఎవరు పోవాలో రంగస్వామి తేల్చేవాడు. పిల్లను ఎదురుగా నిలబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమచెవి పట్టుకోమనేవాడు. అందితే పనికి ఎదిగినట్టు. అందకపోతే ఇంకో ఏడు కొట్టంలోనే.

కౌశల్యకు మొదటిసారే అందింది. ఆ పిల్ల అమ్మానాన్నలు వేరే తోటలో విరేచనాలతో పోతే, వాళ్లతో ఒకే ఓడలో వచ్చిన కన్నయ్య తెచ్చి పెంచుకుంటున్నాడు. పిల్ల వయసెంతో ఆయనకూ తెలియదు. పొడుగు కాళ్లు, పొడుగు చేతులు. ఏడేళ్లుంటాయని అందరూ అనుకున్నారు. గడ్డికి పంపిన మొదటి రోజే కొడవలిని నీళ్లలో ముంచి స్నానం చేయించింది. తర్వాత ఎండుటాకుల కుప్పలో దూరి నిద్రపోయింది. ఆ కుప్పకు నిప్పు పెట్టబోయినవాడికి కాలు కనిపించబట్టి బతికింది.

పిల్ల మొద్దు, రెండు తగిలిస్తే దారికొస్తుంది, సోమవారం మళ్లీ పంపమన్నాడు రంగస్వామి. కన్నయ్య నోరెత్తలేకపోయాడు. సర్దారుకు కోపమొస్తే మరునాడు కొలిచి ఇచ్చే రోజు పని, టాస్కు, బరువైనది పడుతుంది.

సోమవారం పొద్దున రంగస్వామి కొట్టానికి వచ్చాడు. వెనకాల గుర్రం మీద తోట పెత్తనం చేసే తెల్లదొర, కొలంబరు. మునెమ్మ కౌశల్యను చంకనేసుకుని గడపకు అడ్డంగా నిలబడింది. పిల్ల కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి.

"దించు."

"దించను."

"చెవి అందిన పిల్లను చంకనేసుకుంటావా? మొద్దుకు పని నేర్పితేనే బుద్ధొచ్చేది."

"మొద్దో కాదో చెవి చెప్తాదా సర్దారూ? నిన్నటి కథలో నేను ఒక మాట మింగితే ఈ పిల్ల పట్టుకుంటాది. అగ్గంటే మాత్రం ఇంకా భయం తెలీదు. తెలిసినాక తీసుకపో."

"అందరికీ ఒకటే లెక్క."

"అట్లనా. అయితే నీ చెవి పట్టుకో చూస్తాము."

చెరకు బండి మీంచి పడి విరిగిన రంగస్వామి కుడిచెయ్యి వంకరగా అతుక్కుందని లైన్లలో అందరికీ తెలుసు. ఎవరూ ఆ ఊసెత్తరు. ఆమె ఏమందో కొలంబరు అడిగి తెలుసుకున్నాడు. నవ్వి, పట్టుకొని చూపించమన్నాడు. రంగస్వామి చెయ్యి కనుబొమ దగ్గర ఆగిపోయింది.

"ఉయ్యాల ఖాళీగానే ఉండాది, వచ్చి పడుకో" అంది మునెమ్మ.

కొలంబరు నవ్వు అంతటితో అయిపోయింది. పిల్ల ఉంటే ఉండనీ, గుర్రాలకు గడ్డి తక్కువ కాకూడదు, ఆ పిల్ల వంతు మునెమ్మనే కోసి తెమ్మన్నాడు. ఆమె వెనక్కి తగ్గుతుందనుకున్నాడేమో. సరేనంది.

అప్పటినుంచి తల్లులు తోట నుంచి రాగానే మునెమ్మ కొడవలి పట్టుకుని వెళ్లేది. మోపును గుర్రాల సాలకు చేర్చే ముందు సర్దారు గుమ్మం ఎదుట దించేది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకునేది. ఒక్క మాట అనేది కాదు. మళ్లీ మోపు ఎత్తుకుని పోయేది. వానలో కూడా అంతే. నీళ్లకు వచ్చిన పక్క లైన్ల ఆడవాళ్లు చూసింది అదే. రంగస్వామి తలుపు మూసుకోవడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత ఏ పిల్లనూ చెవి పట్టుకోమనలేదు.

ఆరేళ్లప్పుడు ఊడే మొదటి పాలపన్ను కౌశల్యకు ఊడింది ఆ తర్వాత రెండేళ్లకు. చెవి అందిన నాటికి ఆ పిల్లకు ఐదేళ్లు కూడా లేవు.