షుగరు రాకముందే నడిచినవాళ్లం

మా నాయన దర్జీ. ఉదయగిరి బజారులోని మా అంగడిలో కుడికాలితో మిషను తొక్కుతూ ముప్పై ఏళ్లు గడిపాడు. ఆ కాలి బొటనవేలికే ఒకసారి చెప్పు ఒరుసుకొని చిన్న పుండు పడింది. పసుపు అద్దాడు, వేపాకు నూరి కట్టాడు. మానలేదు. నెల్లూరికి తీసుకుపోయేసరికి వేలు నల్లబడిపోయింది. ముందు వేలు తీశారు, పదిహేను రోజుల తర్వాత మోకాలి కిందికి కాలే తీసేశారు. ఆయనకు షుగరు ఉందని మాకు తెలిసింది అప్పుడే.

ఇంటికి తెచ్చాక మంచం మీద పడుకొని ఆయన ఒకటే మాట అనేవాడు. "ముందే చెప్పేవాడు ఒక్కడుంటే బాగుండేదిరా." ఏడాది తిరగకముందే పోయాడు.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. కర్మంతరం అయిన నెలకు మా ఆవిడ నన్ను బలవంతంగా బస్సెక్కించి ఆత్మకూరు ఆసుపత్రికి పంపింది. అక్కడి కాంపౌండరు గాజుగొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం నాలుగు చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. రంగు నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చైతే కొంచెం ఉన్నట్టు, ఇటుక రంగుకు తిరిగితే బాగా ముదిరినట్టు. నాది నీలంగానే ఉంది. గండం గడిచిందనుకొని లేచి చొక్కా సర్దుకున్నాను.

"కూర్చో" అంది డాక్టరమ్మ. నడివయసు మనిషి, మాట కరుకు. "ఇప్పుడు లేదు. అంతవరకే. మీ నాన్నకు ఉండింది కాబట్టి నీ వెనకాల కూడా వస్తా ఉంటుంది. ఆ బొజ్జ చూసుకున్నావా?"

"పొద్దస్తమానం మిషను తొక్కుతుంటాను గదమ్మా. అంతకంటే కష్టం ఏముండాది?"

"నువ్వు తొక్కేది పాదంతో. మిగతా ఒళ్లంతా స్టూలు మీదే ఉంటుంది గదా." నవ్వలేదు ఆమె. "రోజూ గంటసేపు నడువు. అన్నం సగానికి తగ్గించు. టీలో చక్కెర మానెయ్యి. ఇవన్నీ చేస్తే రానేరాదని నేను రాసివ్వలేను. ఏమీ చేయకుండా కూర్చుంటే మాత్రం వస్తుంది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. మా నాయనకు చెప్పేవాడు లేకపోయాడు. నాకు చెప్పారు. ఇక వినకపోతే తప్పు నాది.

నడవడం అంత సులువుగా లేదు. కాళ్లకు కాదు, మనసుకు. ఆ రోజుల్లో మా ఊళ్లో పని లేకుండా ఎవరూ నడిచేవాళ్లు కాదు. మేకల వెంట నడిచేవాళ్లు, చేనికి నడిచేవాళ్లు, కట్టెలకు నడిచేవాళ్లు. బజారులో అంగడి ఉన్న మనిషి తెల్లవారక ముందే కొండ దారిన ఉత్త చేతులతో పోతుంటే ఊరికి అనుమానం. మొదటిరోజే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు ఆపారు. "ఏమన్నా, ఎవరికన్నా బాగలేదా?" రెండోరోజు ఒకాయన బస్సు తప్పిపోయిందా అని అడిగాడు. మూడోరోజు నుంచి గుడ్డసంచీ ఒకటి చేతిలో పట్టుకొని బయలుదేరాను, ఏదో పని మీద పోతున్నట్టు.

పది రోజులు అలా గడిచాయి. దుర్గం కొండ కింద నుంచి తిరిగి వస్తుంటే, తెల్లవారుజాము ఫజర్ నమాజు చేసుకొని మసీదు నుంచి వస్తూ, మేమంతా భాయ్ అని పిలిచే ఆయన ఎదురయ్యాడు. కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే పనివాడు. ఆయన ఇల్లు మా అంగడి వెనక సందులోనే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చాప మీద కూర్చొని కొయ్యను ఆకురాయితో అరగదీసే పని ఆయనది.

"ఏముండాదన్నా నీ సంచీలో? రోజూ చూస్తా ఉండా, పోయేటప్పుడూ చదునుగానే ఉంటాది, వచ్చేటప్పుడూ చదునుగానే ఉంటాది."

అబద్ధం నోటికి రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. "మా అబ్బాకు చూపు పోయింది దీంతోనే" అన్నాడు చివరికి. "నాకు వస్తే ఈ పనికి కళ్లు ఎట్టా? రేపటి నుంచి నేనూ వస్తా. ఆ సంచీ మాత్రం ఇంట్లో పెట్టి రా."

ఇద్దరమయ్యాక సిగ్గు సగమైంది. నెల తిరిగేసరికి ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సు నడిపే డ్రైవరు కలిశాడు. తర్వాత బియ్యం అంగడి శెట్టిగారు. బొజ్జ మీద చెయ్యి వేసుకొని, "నాకు ఎప్పుడో ఒకప్పుడు తప్పదులే, చూద్దాం" అంటూ వచ్చాడు. ఆ తర్వాత బడి గుమాస్తా, మాంసం కొట్టు సాయిబు, ఇంకా కొందరు. మొత్తం పదకొండుమంది. కొండ ఎక్కే మెట్లదారిలో మొదటి మలుపు దాకా పోయి రావాలి, వానొచ్చినా రావాలి. రానివాడి ఇంటికి మరుసటిరోజు అందరం పోయి తలుపు కొట్టాలి. అదొక్కటే కట్టుబాటు.

నేను ఆత్మకూరు పోయి కాంపౌండరును బతిమాలాను. ఆయన మనసున్న మనిషి. డాక్టరమ్మ అనుమతి తీసుకొని, ఆరునెలలకోసారి ఆదివారం పూట గాజుగొట్టాలు, స్పిరిటు దీపం డబ్బాలో పెట్టుకొని మా అంగడికి వచ్చేవాడు. గుడ్డలు కత్తిరించే బల్ల మీద పరీక్షలు జరిగేవి. వరసగా సీసాలు పట్టుకొని నిలబడ్డ మగవాళ్లను చూసి దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. మేమూ నవ్వేవాళ్లం. దీపం మీద గొట్టం పెట్టగానే మాత్రం అందరి చూపూ దాని రంగు మీదే.

తిండి దగ్గర అసలు పోరు మొదలైంది. మా అవ్వ కాలంలో మా పక్క వరి అన్నం పండగకే. సజ్జ సంగటి, జొన్న సంగటి, కొర్ర బువ్వ, ఇవే రోజువారీ కూడు. సంగం, చేజర్ల వైపు కాలవ కింద పండిన బియ్యం బస్తాలకు బస్తాలు రావడం మొదలయ్యాక, సంగటి తినే ఇల్లంటే లేని ఇల్లని పేరుపడింది. రాత్రిపూట సంగటి తిందామని నేను అంటే శెట్టిగారు నా మీద ఎగిరాడు.

"బియ్యం అమ్మేవాణ్ణి నేను! నా ఇంట్లో సంగటి గెలుకుతుండారని తెలిస్తే నా గిరాకీ ఏమైద్ది? ఈయన బియ్యం ఈయనే తినడంలేదంటే ఇంకెవరు కొంటారు?"

అంగడి వెనక తలుపు దగ్గర నిలబడి వింటున్న మా ఆవిడ లోపలికి వచ్చింది. మగవాళ్ల మధ్య ఆమె అలా మాట్లాడగా నేను అంతకుముందు చూడలేదు.

"మీరు పదకొండుమంది కూర్చొని ఏం తినాలో తీర్మానాలు చేస్తా ఉండారు. వండేది ఎవరు? మమ్మల్ని ఒక్కరన్నా అడిగినారా? సంగటి గెలికితే మీకా రెట్టలు నొచ్చేది?"

భాయ్ మొదట తేరుకున్నాడు. "బెహన్ చెప్పింది నిజం. తప్పు మనది."

ఆ వారంలో మా ఇంటి వసారాలో ఆడవాళ్లు కూర్చున్నారు. మేము బయట అరుగు మీద. ఆ మధ్యాహ్నం వాళ్లు మాట్లాడుకున్నదాంట్లో సగం మాకు వినబడనే లేదు. కానీ మర్నాటి నుంచి మా ఇళ్లలో మార్పు కనబడింది. భాయ్ ఇంట్లో జొన్నరొట్టె. మా ఇంట్లో కొర్రలు, పులుసు, గోంగూర. సంగటి ముద్ద పెద్దదైతే అదీ అన్నంతో సమానమేనని, ముద్ద పరిమాణం కూడా వాళ్లే తేల్చారు. శెట్టిగారి భార్య మాత్రం ఒక్క మాట చెప్పి పంపింది. "మా ఆయన వినడు. నేను చెప్తే అసలు వినడు." నాలుగు నెలలకు శెట్టిగారు నడకకు రావడం మానేశాడు. మేము తలుపు కొట్టాం. రెండుసార్లు వచ్చాడు. మూడోసారి తలుపు తీయలేదు. మేము నాలుగోసారి పోలేదు. పోవాల్సింది.

రెండో ఏడాది చలికాలంలో వచ్చింది పెద్ద దెబ్బ. కాంపౌండరు డ్రైవరు గొట్టాన్ని దీపం మీద పెట్టాడు. నీలం చెదిరింది, ఆకుపచ్చైంది, పసుపైంది, చివరికి ఇటుకపొడి రంగుకు తిరిగింది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే. డ్రైవరు ఎవరి మొహమూ చూడకుండా చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

మరుసటిరోజు నడకకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇంటికి పోతే, డ్యూటీ మార్పించుకొని ఆత్మకూరులోనే ఉంటున్నాడని ఆయన భార్య ఏడుస్తూ చెప్పింది. అంగడి మూసి బస్సెక్కాను. ఆత్మకూరు బస్టాండులో టీ బంకు దగ్గర దొరికాడు. చేతిలో టీ, రెండు చెంచాల చక్కెర ఎక్కువేసింది. నన్ను చూసి దాచలేదు.

"ఎందుకొచ్చినావురా?" అన్నాడు. మాది ఒక ఈడే. "నడవమంటివి, నడిచినాను. తినొద్దంటివి, తినలేదు. పదకొండుమందిలో నాకే వచ్చె. ఇంకెందుకు నడవాల? పై ఆఫీసులో తెలిస్తే స్టీరింగు ముట్టనిస్తారా?"

నడిస్తే రాదని నేనే అందరికీ గట్టిగా చెప్పుకుంటూ వచ్చాను. డాక్టరమ్మ అలా చెప్పలేదు. మాటను నేనే నా ధైర్యం కోసం పెంచుకున్నాను. ఆ బంకు దగ్గర నిలబడి ఆ మాటే చెప్పాను. "తప్పు నాదిరా. రాదని చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఒక్కసారి ఆసుపత్రికి రా. ఆ తర్వాత నీ ఇష్టం."

వచ్చాడు. డాక్టరమ్మ ఆయన పాదాలు రెండూ తిప్పి తిప్పి చూసింది. కళ్లు చూసింది.

"పుండు లేదు. చూపు బాగుంది. నీ సొంత కాళ్ల మీద నడిచి వచ్చావు. ఈ జబ్బుతో నా దగ్గరికి ఇలా వచ్చేవాళ్లు తక్కువ. చాలామందిని మోసుకొస్తారు" అంది. "బహుశా నువ్వు నడక మొదలుపెట్టేనాటికే లోపల తయారై ఉంటుంది. నడిచావు కాబట్టి ఇంత ఆలస్యంగా బయటపడింది. ఇక మాత్రలు వేసుకుంటావు, నడక మానవు. అంతే."

బయటికొచ్చాక డ్రైవరు నాతో పాటు బస్టాండు దాకా నడిచాడు. తర్వాత, "నాతో పనిచేసేవాళ్లకు ఎవరికీ పరీక్ష చేసినట్టు లేదు గదా?" అన్నాడు. "పొద్దస్తమానం కూర్చునే పని. దొరికింది తినడం, దొరికినచోట పడుకోవడం. నాకంటే లావుగా ఉండేవాళ్లు ఎంతమంది!"

పది రోజుల్లో ఆత్మకూరులో ఆయన ఒక జట్టు కూడగట్టాడు. డ్రైవర్లు, కండక్టర్లు, ఒక మెకానిక్కు. తొలి బస్సు కదలక ముందే సంగం రోడ్డు మీద నడిచేవాళ్లు. తనకు షుగరు ఉందన్న సంగతి ఆయన దాచలేదు. పై ఆఫీసులో తానే చెప్పాడు. కొన్నాళ్లు స్టీరింగు నుంచి తప్పించి డిపో పని చేయించారు. మాత్రలతో అదుపులోకి వచ్చాక డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. తిరిగి బండెక్కాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆయన చెప్పే మాట నేను ఒకసారి విన్నాను. "నడిస్తే రాదని నేను చెప్పను. నాకు వచ్చినాది. వచ్చినా నేను బండి తోల్తా ఉండా, చూడు."

ఎనభైల నడుమ కొండాపురం నుంచి ఇద్దరు రైతులు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల ఊళ్లో గొర్రెలు అమ్మేసి ట్రాక్టరు కొన్నవాళ్లకు ఒంటికి పని తగ్గి షుగరు వస్తోందట. ఎలా మొదలుపెట్టాలని అడిగారు. భాయ్ వాళ్లకు రెండే మాటలు చెప్పాడు. "ముందు ఇంట్లో ఆడవాళ్లను అడగండి. తర్వాత రాని మనిషి తలుపు కొట్టడం మానొద్దు."

మొదటి పదకొండుమందిలో ఆ దశాబ్దం ముగిసేసరికి ముగ్గురికి షుగరు వచ్చింది. ఒకరు వేరే జబ్బుతో పోయారు. భాయ్ కళ్లు బాగున్నాయి, నేను పరీక్షకు పోయినప్పుడల్లా భయపడుతూనే పోయేవాణ్ణి, ఊపిరి పీల్చుకొని తిరిగి వచ్చేవాణ్ణి. షుగరు వచ్చిన ముగ్గురిలో శెట్టిగారు ఒకరు. కాలి రెండు వేళ్లు తీశారు.

ఆయన ఇంటికి వచ్చిన వారానికి భాయ్, నేను పోయి తలుపు కొట్టాం. ఏళ్ల కిందటే కొట్టాల్సిన నాలుగోసారి అది. ఈసారి ఆయనే కర్ర పట్టుకొని వచ్చి తీశాడు. మమ్మల్ని చూసి తల వంచుకున్నాడు.

"నా కోసం మీరు నిలబడిపోతారు. నేను మీతో సమానంగా రాలేను" అన్నాడు.

"కొండ యాడికీ పోదు శెట్టిగారూ" అన్నాడు భాయ్. "కాలు మానినాక డాక్టరమ్మను అడిగి, సరేనంటే ఆ మర్నాడే మొదలుపెడదాం."

రెండు నెలలకు డాక్టరమ్మ సరేనంది, మెత్తటి చెప్పులు వేసుకోమని, రోజూ పాదాలు చూసుకోమని చెప్పి. ఆ మొదటిరోజు మేము ఎనిమిదిమందిమి. శెట్టిగారు మధ్యలో, ఆయన అడుగుకు మా అడుగు. మసీదు దాటి, బోరింగు దాటి, ఊరి చివరి ఇళ్ల దాకా పోయేసరికే ఎండ వచ్చేసింది. కొండ దాకా పోలేదు. అక్కడే కాసేపు నిలబడి, ఆయన ఊపిరి కుదుటపడ్డాక వెనక్కి తిరిగాం.