రోజూ అదిరే నేల మీద ఒక రాకెట్

"రోజంతా ఎండల కూసోవాలె అమ్మమ్మా, నువ్వు రాకు" అని మా మనుమరాలు సాహితి ఫోన్ చేసింది. ఆ పిల్ల రావద్దు అందంటే రమ్మని అర్థం. గోదావరిఖనిలో పుట్టి పెరిగిన పిల్ల, వాళ్ళ నాన్నది బొగ్గు గనిలో ఉద్యోగం, తను ఇంజనీరింగ్ మూడో ఏడు. మరో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి ఒక రాకెట్ తయారు చేసింది. కాలేజీల రాకెట్ పోటీలోకి తీసుకోవాలంటే అది పైకి లేచి, పారాచూట్ విచ్చుకుని, క్షేమంగా దిగినట్టు వీడియో ఆ శనివారం సాయంత్రం ఆరులోపు పంపాలి. జట్టుకు పెద్ద అఫ్రీన్. ఆమెకిది ఆఖరి సంవత్సరం. నిరుడు పారాచూట్ తెరుచుకోక రాకెట్ ముక్కు కిందుగా పొలంలో దిగబడింది. ఈసారీ అంతే అయితే ఆమెకు మరో అవకాశం లేదు. చూసొద్దామనిపించింది.

ఉదయం ఎనిమిది దాటాక కాజీపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జనరల్ టికెట్ వంద లోపే, ప్రయాణం గంటన్నర. పెద్దపల్లి దాటిన కాసేపటికి కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి. అవి కనబడ్డాక సంచి సర్దుకుంటే సరిపోతుంది. రామగుండం స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు ఎప్పుడూ ఉంటాయి, మనిషికి ముప్పై రూపాయలు. నాకు మాత్రం అఫ్రీన్ తండ్రి యూసుఫ్ ఎదురొచ్చాడు. ఆయనది బండ్లకు సీటు కవర్లు కుట్టే పని. ఆ పూట తమ్ముడి ఆటో అడిగి తెచ్చాడు.

"అవ్వా, సాహితి అమ్మమ్మవు నువ్వేనా?"

"నువ్వెట్ల గుర్తుపట్టినవ్?"

"కోపంగ చూస్తదని చెప్పింది."

దారిలో చౌరస్తా దగ్గర ఇడ్లీ తిన్నాం. చట్నీ ఘాటుగా ఉంది, ఇడ్లీ మాత్రం చప్పగా ఉంది. "ఆర్నెల్ల సంది నా బిడ్డకు తిండి లేదు, నిద్ర లేదు. అది ఎగురుతదో లేదో గనీ, పిల్ల మాత్రం సగమైంది" అన్నాడు యూసుఫ్. ఊరు దాటి మంథని రోడ్డు మీద కొంత దూరం పోయి, కోత అయిపోయిన పొలంలో దిగాం. పోలీసుల అనుమతి నాలుగు గంటల దాకా ఉంది. పొలం మధ్యలో నిలువుగా ఒక ఇనుప కడ్డీ, దానికి ఆనించి నా భుజమెత్తు రాకెట్. లోపలి చిప్ కుదుపును బట్టి రాకెట్ లేచిందని తెలుసుకుంటుందట. ఆ తర్వాత సెకన్లు లెక్కపెట్టి, స్ప్రింగు వదిలి పారాచూట్‌ను బయటికి తోస్తుందట. నిరుటి భయానికి ఈసారి చిన్న కుదుపుకే మేల్కొనేలా సాహితి దాన్ని సవరించింది.

గాలి తగ్గేసరికి రెండు దాటింది. చిప్ ఆన్ చేసి అందరూ వెనక్కి వచ్చారు. అంతలో నా ప్లాస్టిక్ కుర్చీ కింద నేల వణికింది, దూరంగా గంభీరంగా ఒక మోత. ఒక్కరూ తలెత్తలేదు. కొన్ని సెకన్లకు రాకెట్ ముక్కు టప్పున ఊడి, నారింజ రంగు పారాచూట్ బయటికొచ్చి, కడ్డీకి తగులుకుని జానెడు చిరిగింది.

ముప్పావు గంట సేపు పిల్లలు వైర్లన్నీ పీకి చూశారు. "చిప్ ఖరాబైంది" అంటుంది సాహితి. "బ్యాటరీ" అంటుంది ఇంకో పిల్ల. అఫ్రీన్ చిరుగు అంచులు కలిపి చూస్తోంది.

"ఇందాక నేల కదిలింది గదా, దాని సంగతేంది?" అన్నాను.

"ఎప్పుడు కదిలింది?" అంది సాహితి.

అఫ్రీన్ నా వైపు చూసింది. "బ్లాస్టింగా? ఓపెన్‌కాస్ట్ గనిల బొగ్గు కోసం మందు పెట్టి పేలుస్తరు. అది రోజూ అయ్యేదే అమ్మమ్మా."

"రోజూ అయితదని మీకు తెలుసు. చిప్‌కు ఎవరు చెప్పిన్రు?"

సాహితి లాప్‌టాప్ తెరిచి, ఇంకా పెద్ద కుదుపైతేనే మేల్కొనేలా మార్చింది. తర్వాత నలుగురూ కడ్డీ చుట్టూ చేరి ఎగిరెగిరి దూకారు. చిప్ ఉలకలేదు.

ఇక చిరుగు. అందరూ నా వైపు చూశారు. ముసలిది కనబడితే సూదితోనే పుట్టిందనుకుంటారు. నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. గుండీ ఊడితే దర్జీకి పంపాను. యూసుఫ్ ఆటో సీటు ఎత్తి, వంకర సూది, నైలాన్ దారం తీశాడు.

"సన్నగ కుట్టు అబ్బా, బరువైతది" అంది అఫ్రీన్ తండ్రితో.

"సన్నగ కుడితే ఊడ్తది. లారీ డ్రైవర్లు కూసునే సీట్లు కుట్టినోన్ని, నాకు చెప్తవా? పట్టుకో గా అంచు."

పట్టుకుంది. ఆయన మందంగా కుట్టుకుంటూ పోయాడు. మూడూ నలభైకి మీట నొక్కారు. చీరె చింపిన చప్పుడుతో రాకెట్ పైకి లేచిపోయింది. పైన ఎక్కడో చుక్కలా ఆగి, నారింజ రంగు విచ్చుకుంది. అఫ్రీన్ అరవలేదు, గెంతలేదు. పొలంలో కూలబడి రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుంది. దిగిన రాకెట్‌ను పక్క పత్తి చేనులోంచి తెచ్చినప్పుడు పిల్లలు వీడియో చుట్టూ మూగారు. యూసుఫ్ ఒక్కడే గుడ్డ ఎత్తి కుట్టును వేలితో తడిమి చూసుకున్నాడు. వీడియో ఐదున్నరకు వెళ్ళింది.

తిరుగు రైల్లో ఆలోచించాను. ఆ పిల్లలకు తెలివి తక్కువేం కాదు. ఆ మోత వాళ్ళకు ఊయలప్పటి నుంచి అలవాటు. పరాయి ఊరి పిల్లలైతే ఉలిక్కిపడి వెంటనే కారణం పట్టుకునేవారు. బొత్తిగా తెలియని చోటకన్నా బాగా తెలిసిన చోటే మనిషికి ఎక్కువ పొరపాట్లు జరుగుతాయని నా అనుమానం. నా క్లాసులోనూ సులువైన లెక్కలే ఎక్కువమంది తప్పు చేసేవారు.

ఇలాంటిది చూడబోయేవాళ్ళకు ఒకే సలహా: సూర్యుడికి వీపు పెట్టి నిలబడండి. లేవడం రెండు సెకన్ల పని, అది అందరికీ కనబడుతుంది. చూడాల్సింది పారాచూట్ విచ్చుకునే క్షణం. యూసుఫ్ ఎండకు ఎదురుగా నిలబడి అదొక్కటే చూడలేకపోయాడు. నన్ను స్టేషన్‌లో దింపుతూ కూడా అడిగాడు: "అవ్వా, నువ్వు చూసినవ్ గదా, మంచిగ తెరుచుకుందా?"