డైరెక్టరు గారి వరద నాటకం

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయన్ని వీధిలో అందరూ "డైరెక్టరు గారూ" అనే పిలిచేవారు. వయసులో ఉండగా స్టేజీ ఎక్కాలని ఆశపడ్డాడు గానీ, ఎదురుగా జనం కనబడితే చాలు, నాలుక పిడచగట్టుకుపోయేది. యాభై దాటాక ఒక ఉపాయం తట్టింది. నాటకం రికార్డు చేసి వినిపిస్తే మొహాలు చూసే పనే ఉండదు కదా! వెంటనే మైకూ, రికార్డు చేసే మిషనూ కొనేశాడు.

రాసుకున్న కథ మంచిదే. వరద రోజున ఒక పడవవాడు ఎవరినో ఏరు దాటిస్తుంటాడు. ఆ ఎక్కినవాడు, ఏనాడో పోట్లాడి వెళ్ళిపోయిన సొంత తమ్ముడు. చీకట్లో ఒకరికొకరు తెలియదు.

పడవవాడి వేషం డైరెక్టరుదే. తమ్ముడు, తండ్రి, డాక్టరు, ముగ్గురూ బావమరిదే. తండ్రి అయినప్పుడు దగ్గేవాడు, డాక్టరైనప్పుడు దగ్గు ఆపేవాడు. అంతకుమించి తేడా లేదు. వినేవాళ్ళకు ఏదీ కనిపించదన్న బెంగతో డైరెక్టరు "ఇదిగో, కుడిచేత్తో తెడ్డు అందుకుంటున్నాను!" లాంటి మాటలు బోలెడు రాశాడు. బాత్రూంలో షవరు తిప్పి వాన కురిపించాడు, రేకు ఊపి ఉరుములు పుట్టించాడు. నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను మాత్రం ఆయన చెవిన పడలేదు.

కాకిపిల్ల కాకికి ముద్దు. చుట్టాలందరినీ పిలిచి ముందుగదిలో కూర్చోబెట్టాడు. నాటకంలో వాన మొదలైంది. ఎంతకీ తగ్గలేదు. చివరికి ఆయన పిన్ని నోరు విప్పింది.

"ఒరేయ్, చచ్చింది తండ్రా, డాక్టరా?"

"ఇద్దరూ నేనే కదా పిన్నిగారూ, ఎవరు చస్తే ఏం?" అన్నాడు బావమరిది.

గది గొల్లుమంది. డైరెక్టరు మైకు తీసుకెళ్ళి అటక మీద పడేశాడు. దుకాణంలో కూడా మూతి ముడుచుకునే కూర్చున్నాడు.

ఆ అలక చూడలేక భార్య ఒకరోజు గిన్నెలు తోముతూ అడిగింది. "ఏవండీ, వాన బాగానే కురిసింది గానీ మాటలే తడిసిపోయాయి. అసలు కథేంటో నోటితో చెప్పండి."

ఆయన విసుక్కుంటూనే మొదలెట్టాడు. చీకట్లో ప్రయాణికుడు చిన్నప్పటి ఈలపాట అందుకున్నాడు, పడవవాడి తెడ్డు ఆగిపోయింది అనగానే ఆమె చేతిలో గిన్నె కూడా ఆగిపోయింది.

"అయ్యో! తర్వాత?"

"తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు."

"మరి అక్కడ ఉరుము పెట్టారేంటండీ?"

మైకు అటక దిగింది. ఈసారి ఫ్యాను కట్టేశారు. గదిలో మాట మారుమోగకుండా బట్టల బీరువా తెరిచి, బావా బావమరుదులు చొక్కాల మధ్య తలలు దూర్చి మాట్లాడారు. వాన బదులు బకెట్లో చెయ్యి కదిపిన చప్పుడొక్కటే. డాక్టరునీ తండ్రినీ కథలోంచి తీసేసరికి బావమరిది చిన్నబుచ్చుకున్నాడు. "పోనీ, ఒక్క దగ్గయినా ఉంచండి బావగారూ," అని బతిమాలాడు. ఉంచలేదు.

మళ్ళీ అదే గది, అదే చుట్టాలు. ఈల వినిపించింది. తెడ్డు ఆగింది. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎవరూ కదల్లేదు, కిక్కురుమనలేదు.  వెనక నిలబడ్డ డైరెక్టరు మాత్రం చప్పుడు లేకపోయేసరికి మిషను ఆగిపోయిందనుకుని, గబగబా వచ్చి మీట నొక్కేశాడు. నాటకం మళ్ళీ మొదటికొచ్చింది.

"నీ చెయ్యి పడ!" అంది పిన్ని. "సరేలే, కూర్చో. మళ్ళీ మొదట్నుంచీ విందాం."